గుడి పక్కకి జరిగింది

మా ఆడపడుచు వృత్తి తోటలు వెయ్యడం. పార పట్టుకుని కాదు, కంప్యూటరు ముందు కూర్చుని. ఎక్కడైనా ఖాళీ స్థలం కనబడితే చాలు, అందులో చెట్టు ఎక్కడ ఉండాలో, బాట ఎటు తిరగాలో, ఏ బెంచీ మీద కూర్చున్నవాళ్ళకి ఏ వైపు నుంచి గాలి తగలాలో గీసి ఇస్తుంది. పెద్ద చదువు చదివింది. సభల్లో మాట్లాడుతుంది. ఇంట్లో బాల్కనీ కుండీలకి నీళ్ళు పోసేది మాత్రం నేను. ఆమె చేత్తో నాటిన మొక్క ఒక్కటీ బతికి బట్టకట్టినట్టు నాకు గుర్తు లేదు. "నేను మొక్కల్ని పెంచను వదినా, చోట్లని పెంచుతాను" అంటుంది. ఆ మాట విన్నప్పుడల్లా నేను చెంబు తీసుకుని బాల్కనీలోకి వెళ్ళిపోతాను.

మా వీధి చివర పెద్ద ఖాళీ జాగా ఉండేది. దాన్ని పార్కు చెయ్యాలని మునిసిపాలిటీ వాళ్ళకి బుద్ధి పుట్టి, ఆ పని మా ఆడపడుచు చేతికే ఇచ్చారు. ఇంట్లో అందరం సంబరపడ్డాం, మా అత్తగారు తప్ప.

"ఇప్పుడు దానికేం తక్కువైందే?" అన్నారు కూతురితో.

"ఏం ఉందమ్మా అక్కడ? పిచ్చి మొక్కలూ, ఇటుక ముక్కలూ."

"మరి మేం రోజూ వెళ్ళి కూర్చునేది ఎక్కడ, ఆకాశంలోనా?"

నిజమే, వాళ్ళు రోజూ కూర్చునేది అక్కడే. ఆ జాగాకి దక్షిణపు మూలలో మంచినీళ్ళ గొట్టానికి ఒక వాల్వు ఉంది. అది ఎన్నేళ్ళుగానో కారుతోంది. ఆ కారే నీళ్ళు తాగి ఒక చెట్టు పెరిగింది. దాన్ని ఎవరూ నాటలేదు, దాని పేరు ఎవరికీ తెలియదు. మా ఆడపడుచుని అడిగితే "కలుపు జాతి" అని తేల్చేసింది. కలుపైతేనేం, గొడుగులా విచ్చుకుని ఆ మూలంతా నీడ పరిచింది. దాని కింద రెండు పెద్ద సిమెంటు పైపులు ఎదురెదురుగా పడి ఉండేవి. మురుగు కాలవ పనికని తెచ్చి, పని అయిపోయాక మరిచిపోయి వదిలేసినవి. జనం కూర్చుని కూర్చుని వాటి పైభాగం నున్నగా అయిపోయింది.

ఆ పైపుల సంగతి నేను కొంచెం వివరంగా చెప్పాలి. మా మామగారు పోయాక అత్తగారి నోట్లోంచి "ఊ", "ఊహూ" తప్ప వేరే మాట రావడం మానేసింది. పెడితే తినేవారు, లేకపోతే లేదు. కూర బాగుందా అంటే ఊ. బాలేదా అంటే ఊ. అత్తగారి నోటికి భయపడే కోడళ్ళని చూశాను గాని, అత్తగారు తిట్టడం లేదని దిగులు పడిన కోడల్ని నేనొక్కదాన్నే అయివుంటాను. డాక్టరు మోకాళ్ళకి నడక మంచిదంటే ఒక సాయంత్రం బలవంతాన బయటికి పంపాను. నడిచి నడిచి అలసిపోయి ఆ పైపు మీద కూర్చున్నారట.

"ముందుకి జరగండి, ముందుకి జరగండి! వెనకాల ఇంకా మనుషులున్నారు!" అని ఒక గొంతు వినిపించిందట. వెనకాల ఉన్నది ఒక్క మనిషే, ఆ గొంతుగల ఆవిడే. బస్సులో కండక్టరుగా చేసి రిటైరైంది. ఎవరు ఏం చెప్పినా "రైట్ రైట్" అంటుంది కాబట్టి వీధిలో అందరికీ రైట్‌రైట్ పిన్ని. మా అత్తగారు జరగలేదు. "ఇదేం నీ బస్సా?" అన్నారు. మామగారు పోయాక ఆవిడ నోటినుంచి వచ్చిన మొదటి పూర్తి వాక్యం అదే. ఆ సాయంత్రం ఇద్దరూ చీకటి పడేదాకా పోట్లాడుకున్నారు. మర్నాడు మళ్ళీ వెళ్ళారు, మిగిలిన పోట్లాట పూర్తిచెయ్యడానికి. అది ఈనాటికీ పూర్తి కాలేదు.

కొన్నాళ్ళకి కూరలో ఉప్పు ఎక్కువైందని అత్తగారు నన్ను పట్టుకుని కడిగేశారు. చేతికి ఎముక లేదన్నారు, మా పుట్టింటివాళ్ళకి నాలుక లేదన్నారు. నేను వంటింట్లోకి వెళ్ళి సంతోషంతో ఏడ్చాను. సిగ్గుపడకుండా చెబుతున్నాను, నాకు ఆ రెండు పైపుల మీద ఉన్న కృతజ్ఞత మా చుట్టాల్లో చాలామంది మీద లేదు.

సరే, పార్కు సంగతికి వస్తాను.

మా ఆడపడుచుకి ఒక సిద్ధాంతం ఉంది. పార్కుని గీసేది డిజైనరు కాదట, జనమట. "నేను వాళ్ళ చేతిలో కలాన్ని మాత్రమే వదినా" అంటుంది. అందుకని ఒక ఆదివారం ఆ జాగాలోనే టెంటు వేయించి వీధివాళ్ళందర్నీ పిలిచింది. బల్లల మీద ఆ స్థలం పటం పరిచారు. ఒక్కొక్కరికీ ఒక కాగితం నిండా పచ్చ చుక్కలూ, ఇంకో కాగితం నిండా ఎర్ర చుక్కలూ ఇచ్చారు. వెనక ఊడదీసి అంటించే రకం. పటం మీద ఎవరికి తోచిన చోట వాళ్ళు అంటించాలి. ఎలా అంటించాలో పెద్ద బ్యానరు మీద రాయించి కట్టింది. మైకులో కూడా చెప్పింది గాని, ఆ మైకు ఆమె నోరు తెరిచినప్పుడల్లా కుయ్యిమని అరిచి, మూసుకున్నప్పుడు ఊరుకుంది. జనం చెవులు మూసుకుని బ్యానరు చదువుకున్నారు.

నేను టీలు అందించే పనిలో ఉన్నాను. అయినా చూస్తూనే ఉన్నాను, దక్షిణపు మూల దగ్గర తోపులాట. అందరూ ఎర్రచుక్కలు పట్టుకుని అక్కడికే. చోటు చాలక చుక్క మీద చుక్క అంటించారు. రైట్‌రైట్ పిన్ని బల్ల పక్కన నిలబడి "జరగండి, అంటించినవాళ్ళు దిగిపోండి, వెనకాలవాళ్ళని రానివ్వండి" అని నడిపిస్తోంది. మా అత్తగారు తన ఎర్రచుక్కలన్నీ అక్కడే అంటించి, చాలక నావి కూడా అడిగి తీసుకున్నారు. మా ఆడపడుచు దూరం నుంచి అదంతా ఫోటోలు తీసుకుంటోంది. ఆమె మొహం వెలిగిపోతోంది.

"చూడు వదినా, జనానికి అవకాశం ఇస్తే మనసులో మాట ఎంత స్పష్టంగా చెబుతారో!" అంది.

"అవునమ్మా" అన్నాను. నాకూ సంతోషంగానే ఉంది. ఇక ఆ మూలకి ఢోకా లేదనుకున్నాను.

పటం మంజూరై వచ్చిన రోజు మధ్యాహ్నం భోజనాల వేళకి దాన్ని చుట్టగా చుట్టి పట్టుకొచ్చింది. కంచాలు జరిపి బల్ల మీద పరిచింది. నిజంగా అందంగా ఉంది, ఒప్పుకోవాలి. మెలికలు తిరిగే బాటలు, పిల్లలు ఆడుకునే ఇసుక, పూల మళ్ళు. ఆ దక్షిణపు మూలలో గుండ్రంగా, మెట్లు మెట్లుగా ఒకటి గీసి ఉంది.

"ఇదేమిటే?" అన్నారు అత్తగారు కళ్ళజోడు సర్దుకుని.

"సామాజిక సంభాషణా వేదిక."

"అంటే?"

"అంటే... జనం వచ్చి కూర్చుని మాట్లాడుకునే చోటు."

"మేం ఇప్పుడు చేస్తున్నది అదేగా. పైపులేవీ?"

"తీసేస్తున్నాం."

"చెట్టు?"

"అదీ తీసేస్తాం. వాల్వు బాగుచేస్తే ఎలాగూ ఎండిపోతుంది."

"ఎవరు తీసెయ్యమన్నారే?"

"మీరేనమ్మా! జనం!" అంది మా ఆడపడుచు. గొంతులో గర్వం దాగలేదు. "ఆ మూలంతా ఎర్రచుక్కలే. ఒక చోటు విషయంలో ఇంత ఏకాభిప్రాయం నేనెక్కడా చూడలేదు. వీధి వీధంతా ఆ మూల మాకొద్దు మొర్రో అంది."

అత్తగారు కళ్ళజోడు తీశారు.

"ఆ చుక్కల్లో నావి ఉన్నాయి" అన్నారు.

"చూశావా మరి!"

"మీ వదినవి కూడా నేనే అంటించాను."

"అదే నేను చెప్పేది!"

"నచ్చితే పచ్చ, మరీ నచ్చితే ఎర్ర అన్నారని అంటించాను."

మా ఆయన చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. మా ఆడపడుచు నవ్వబోయింది, నవ్వు సగంలో వదిలేసింది.

"ఎవరన్నారమ్మా అలా? నచ్చిన చోట పచ్చ, నచ్చని చోట ఎర్ర అని బ్యానరు మీద ఇంతింత అక్షరాలతో రాయించాను."

బ్యానరు ఎక్కడో లేదు, మా బాల్కనీలోనే ఉంది. గట్టి గుడ్డ కదా, పారెయ్యడం ఎందుకని తెచ్చి వాషింగ్ మెషీను మీద కప్పాను. అందరం లేచి ఎంగిలి చేతులతోనే అక్కడికి వెళ్ళాం. మా ఆయన దాన్ని రెండు చేతులా విప్పి పట్టుకున్నారు. ఎండకి కొంచెం వెలిసింది గాని అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి.

మీకు నచ్చిన చోట పచ్చ చుక్క అంటించండి.
మీకు నచ్చిన చోట ఎర్ర చుక్క అంటించండి.

'నచ్చని'లో చివరి న మీద ఉండాల్సిన గుడి ఒక అక్షరం వెనక్కి జరిగి చ్చ మీద కూర్చుంది. అంతే. తెలుగు రాయడం వచ్చినవాళ్ళకి గుడి అంటే తెలుసు కదా, ఇకారం కోసం అక్షరం నెత్తిన పెట్టే టోపీ. ఆ టోపీ ఒక తల మీంచి లేచి ఇంకో తల మీద పడేసరికి బ్యానరు మీద నచ్చని చోటు కాస్తా నచ్చిన చోటైంది. జనం తెలివి తక్కువవాళ్ళేం కాదు. రెండు వాక్యాలూ ఒకేలా ఉన్నాయేమిటని ఆలోచించి, తమలో తామే అర్థం చెప్పుకున్నారు: పచ్చ అంటే నచ్చినట్టు, ఎర్ర అంటే మరీ నచ్చినట్టు. అడిగితే చదువు రాదనుకుంటారని ఎవరూ అడగలేదు. రాయించినావిడా చదవలేదు, రాసినవాడూ చదవలేదు. రోజూ దాని మీద బట్టల బుట్ట పెట్టుకునే నేను ఎందుకు చదువుతాను?

"ఫైలు పైకి వెళ్ళిపోయింది" అంది మా ఆడపడుచు నీరసంగా. "మంజూరు కూడా అయింది. 'ప్రజలు గీసిన పార్కు' అని బహుమతి కూడా ప్రకటించారు."

అత్తగారు చెయ్యి కడుక్కుని గదిలోకి వెళ్ళిపోయారు. నేను వెనకాలే వెళ్ళి "అత్తయ్యా, అన్నం సగంలో వదిలేశారు, కొంచెం మజ్జిగ ఇవ్వనా?" అని అడిగాను.

"ఊహూ" అన్నారు.

ఆ ఊహూతో కథ మళ్ళీ మొదటికొచ్చింది. ఆ సాయంత్రం ఆవిడ నడకకి వెళ్ళలేదు. రైట్‌రైట్ పిన్ని గుమ్మందాకా వచ్చి "ఏం అక్కయ్యా, ఈవేళ బండి రాలేదేం?" అని అరిచినా కదల్లేదు. కన్నకూతురే తన చోటు తవ్వేస్తోందని ఆవిడ ఎవరితో చెప్పుకుంటారు? పరాయివాడైతే తిట్టి పోసేవారు.

మా ఆడపడుచు గురించి వేళాకోళం ఆడతాను గాని, ఆమెది మంచి మనసు. తప్పు తెలిశాక నిద్రపోయే మనిషి కాదు. బహుమతి పోతే పోయిందని మునిసిపాలిటీ ఇంజినీరు గారికి ఉన్నదున్నట్టు ఉత్తరం రాసింది. ఆఫీసు ఉత్తరం కదా, ఇంట్లో మాట్లాడే భాష పనికిరాదని గ్రాంథికంలోకి దిగింది. పంపే ముందు నాకు చదివి వినిపించింది:

"అభిప్రాయ సేకరణ సందర్భమున గుడి తన స్థానమునుండి జరిగిన కారణముగా దక్షిణపు మూల విషయమై ప్రజాభీష్టము తారుమారైనది. గుడిని యథాస్థానమున ఉంచి చూడగా, సదరు మూల ప్రజలకు మిక్కిలి ప్రీతిపాత్రమని తేలుచున్నది. కావున అచ్చట పనులు నిలిపివేయ ప్రార్థన."

"గుడి అంటే అక్షరం మీద గుడి అని ఒక ముక్క రాయకూడదూ?" అన్నాను.

"తెలుగువాళ్ళకి గుడి అంటే తెలియదా వదినా!" అంది.

తెలుసు. అదే కదా వచ్చిన చిక్కు.

నాలుగు రోజుల తర్వాత మధ్యాహ్నం భోజనం కూడా చెయ్యకుండా ఇంజినీరు గారు చెమటలు కక్కుకుంటూ మా ఇంటికి వచ్చారు. మంచి మనిషే పాపం, రిటైరవడానికి దగ్గర్లో ఉన్నారు. సోఫా అంచున కూర్చున్నారు.

"ఏంటి మేడమ్ ఇది? ఆ జాగాలో గుడి ఉందని ముందే ఎందుకు చెప్పలేదు?"

"గుడి లేదు సార్. గుడి జరిగింది."

"ఎవరు జరిపారు?"

"ఎవరూ జరపలేదు, పొరపాటున జరిగింది."

"గుడి పొరపాటున ఎలా జరుగుతుందండీ? రాత్రికి రాత్రే లేచి నడిచిందా?"

"అయ్యో, గుడి అంటే ఆ గుడి కాదు సార్! అక్షరం మీది గుడి."

"అక్షర ఎవరు? ఆ స్థలం ఆవిడదా?"

మా ఆడపడుచు తల పట్టుకుంది. నేను కాగితం తెచ్చి చ్చ రాసి, దాని మీద గుడి పెట్టి చూపించాను. తర్వాత దాన్ని కొట్టేసి న మీద పెట్టి చూపించాను. ఇంజినీరు గారు కాగితం వంకా నా వంకా చాలాసేపు చూశారు. అర్థమైంది. అర్థమయ్యాక ఆయన మొహం ఇంకా పాలిపోయింది.

"చూడండమ్మా, మీరు చెప్పింది నాకు తెలిసింది. కానీ ఫైల్లో గుడి అని పడిపోయింది. పైవాళ్ళందరూ చూసి సంతకాలు పెట్టారు. ఇప్పుడు నేను 'అక్కడ గుడి లేదు' అని రాస్తే రేపు ఎవడైనా 'గుడి లేకుండా చేసిన ఇంజినీరు' అంటాడు. నాకు పెన్షను రావాలా వద్దా?"

"మరి ఏం చేద్దాం?"

"ఏమీ చెయ్యొద్దు. గుడి విషయం తేలేదాకా ఆ మూల ఎవరూ ముట్టుకోకూడదు."

ఆ వార్త చెప్పడానికి నేను అత్తగారి గదిలోకి పరుగెత్తాను. చెట్టు కొట్టరు, పైపులు తియ్యరు అన్నాను. ఆవిడ లేచి కూర్చున్నారు. "ఎవరు ఆపించారు? అమ్మాయేనా?" అని అడిగారు. రెండు పూర్తి వాక్యాలు! అవునన్నాను. జనం చెప్పినా ఆగని పని, డిజైనరు ప్రాధేయపడినా ఆగని పని, ఒక గుడి పేరు చెబితే ఆగిపోయింది. పార్కు కంట్రాక్టరు సంగతి చెప్పనక్కర్లేదు. గుడినీ గుళ్ళో లింగాన్నీ మింగే రకమని పేరున్నవాడు, ఆ మూల పేరెత్తితే ఆమడ దూరం పారిపోయాడు.

సంతోషం ఎన్నాళ్ళో నిలవలేదు. ముట్టుకోకూడదంటే మునిసిపాలిటీ భాషలో అర్థం వేరు. వారం తిరక్కుండానే ఆ మూల చుట్టూ ఇనప స్తంభాలు పాతి ముళ్ళతీగె బిగించారు. తీగెకి ఒక బోర్డు వేలాడదీశారు: "గుడి విషయము తేలువరకు ఈ స్థలములోనికి ప్రవేశము నిషేధము." లోపల చెట్టు ఉంది, పైపులు ఉన్నాయి, నీడ ఉంది. మనుషులే లేరు. దారినపోయేవాళ్ళు ఒకరిద్దరు బోర్డు చూసి చెప్పులు విప్పి దండం పెట్టుకోవడం మొదలుపెట్టారు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. ఇక్కడ దేవుడు లేడు, పూజారులు మాత్రం ఆఫీసు నిండా ఉన్నారు.

మిగతా పార్కు చకచకా తయారైంది. అత్తగారూ పిన్నీ కొత్త బెంచీ మీద కూర్చుని చూశారు. ఆ బెంచీ విల్లులా వంగి ఉంది, కూర్చున్నవాళ్ళందరూ పచ్చదనం వైపు చూసేలా. కాబట్టి అత్తగారి మొహం ఒక వైపు, పిన్ని మొహం ఇంకో వైపు. ఇద్దరి మధ్యా ఒక ఇనప కమ్మీ, ఎవరూ పడుకోకుండా.

"ఇదేం సీటు అక్కయ్యా? టిక్కెట్టు లేనివాళ్ళని కూర్చోబెట్టినట్టు" అంది పిన్ని.

"ఏమన్నావ్?" అన్నారు అత్తగారు.

"రైట్ రైట్" అంది పిన్ని విసుగ్గా. పక్కకి తిరిగి పోట్లాడితే మెడలు పట్టేస్తున్నాయి. రెండు రోజుల తర్వాత అత్తగారు వెళ్ళడం మానేశారు. ఇంట్లో కూరలో ఉప్పు నేను కావాలని ఎక్కువ వేశాను. ఊ అని తినేశారు.

ప్రారంభోత్సవం రోజు వచ్చింది. మునిసిపల్ ఛైర్మన్ గారు రావాలి, మా ఆడపడుచుకి బహుమతి ఇవ్వాలి. పార్కు ఎలా ఉందో చెప్పడానికి జనానికి మళ్ళీ చుక్కల కాగితాలు పంచారు. ఈసారి బ్యానరుని ఇంటిల్లిపాదిమీ కూర్చుని గుడి గుడికీ వేలు పెట్టి చదివాం. అత్తగారిని నేనే బతిమాలి తీసుకెళ్ళాను. "నీ కూతురికి బహుమతి ఇస్తుంటే నువ్వు లేకపోతే ఏం బాగుంటుంది" అని మా ఆయన కూడా అన్నారు. ఊ అన్నారు.

మైకు ఈసారి బాగానే పనిచేసింది. అదే తప్పయింది. "ఈ పార్కు నేను గీసింది కాదు. మీరు గీసింది. మీరు చెప్పిన ప్రతి మాటా నేను విన్నాను" అంటోంది మా ఆడపడుచు. మాట అంటూ అంటూ కుర్చీల వంక చూసింది. ముందు వరసలో నా పక్క కుర్చీ ఖాళీగా ఉంది. నేనూ అప్పుడే చూసుకున్నాను. వెనక్కి తిరిగితే, దక్షిణపు మూల దగ్గర అత్తగారు. ముళ్ళ మధ్యలో ఖాళీ చూసుకుని రెండు చేతుల్తో తీగె పట్టుకుని లోపలికి చూస్తూ నిలబడ్డారు. ఆసుపత్రిలో అద్దం అవతల ఉన్న మనిషిని చూసినట్టు చూస్తున్నారు. పక్కన రైట్‌రైట్ పిన్ని. ఆ పిన్ని గొంతుకి మైకు అక్కర్లేదు.

"జరగండి! ముందుకి జరగండి! లోపల సీట్లన్నీ ఖాళీ!"

జనం నవ్వారు. మా ఆడపడుచు నవ్వలేదు. మైకు పక్కన పెట్టి వేదిక దిగింది. నేనూ వెనకాల పరుగెత్తాను. ఆ తీగె ఒక చోట కొక్కేనికి తగిలించి ఉంది, అంతే. ఆమె కొక్కెం తీస్తుంటే చెయ్యి గీరుకుని రక్తం వచ్చింది. ఆగలేదు.

"మేడమ్! మేడమ్! గుడి విషయం ఇంకా తేలలేదు!" అని ఇంజినీరు గారు వగరుస్తూ వచ్చారు.

"తేలింది సార్. న మీద ఉండాల్సింది. మాకు తెలియక చ మీద పెట్టాం. నా తప్పే" అంది. బోర్డు కూడా ఊడదీసి ఆయన చేతిలో పెట్టింది.

ఈలోగా ఛైర్మన్ గారు కూడా నడుచుకుంటూ వచ్చేశారు. "ఏమిటా మూల?" అని అడిగారు. ఇంజినీరు గారు గబగబా ముందుకి వచ్చారు. బోర్డుని వీపు వెనక్కి దాచుకున్నారు. పెన్షను గుర్తొచ్చినట్టుంది, ఎక్కడలేని తెలివీ వచ్చింది.

"సామాజిక సంభాషణా వేదిక సార్! పటంలో ఉంది చూడండి, సరిగ్గా ఇక్కడే. ప్రజలే స్వయంగా నిర్మించుకున్నారు!"

"పైపులతోనా! శభాష్!" అని ఛైర్మన్ గారు చప్పట్లు కొట్టారు. అందరూ కొట్టారు. అత్తగారు ఎవరి వంకా చూడకుండా లోపలికి వెళ్ళి తన పైపు మీద కూర్చున్నారు. పిన్ని ఎదురుగా కూర్చోలేదు, పక్కన ఇరుక్కుంది. "జరగవే! ఇదేం నీ బస్సా?" అని అత్తగారు కసిరారు. నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. బహుమతి ఎవరు పుచ్చుకున్నారో, ఎప్పుడు పుచ్చుకున్నారో నేను చూడలేదు.

అయితే ఒక సంగతి అందరం మరిచిపోయాం. ముళ్ళతీగె తీశాక, మిగిలిన పార్కు పనుల్లో భాగంగా ఆ వాల్వు బాగుచేసేశారు. ఎన్నేళ్ళుగానో కారిన నీళ్ళు ఆగిపోయాయి. చెట్టు వాడిపోవడం మొదలుపెట్టింది. ఆకులు పసుపు తిరిగి పైపుల మీద రాలుతున్నాయి. పార్కులో చెట్లకి నీళ్ళు పెట్టే మనిషిని అడిగితే, ఆ చెట్టు పటంలో లేదు కాబట్టి దానికి నీళ్ళు పెట్టడం తన పని కాదన్నాడు. కలుపు జాతి కదా.

ఒక సాయంత్రం నేను మార్కెట్టు నుంచి వస్తూ చూశాను. మా ఆడపడుచు బకెట్టు మోసుకుంటూ వెళ్తోంది. చీర కుచ్చిళ్ళు ఎగదోపి, ఒక భుజం వంగిపోయి, నీళ్ళు సగం దారిలోనే ఒలకబోసుకుంటూ. పార్కు కుళాయి అవతలి కొసన ఉంది, ఆమె గీసిన మెలికల బాట మీదుగానే రావాలి. ఎంత దూరం తిరగాలో గీసినప్పుడు తెలిసినట్టు లేదు. "ఈ బాట ఎవరు గీశారమ్మా?" అని అడగాలని నాలుక చివరిదాకా వచ్చింది. ఊరుకున్నాను.

చెట్టు మొదట్లో నీళ్ళు పోసి ఖాళీ బకెట్టు కింద పెట్టింది. పైపు మీద అత్తగారూ పిన్నీ పోట్లాట ఆపి చూశారు.

"మొదట్లో కాదే, కొంచెం దూరంగా పొయ్యి. వేళ్ళు అక్కడున్నాయి" అన్నారు అత్తగారు.

ఆమె మళ్ళీ వెళ్ళి ఇంకో బకెట్టు తెచ్చింది. ఈసారి చెప్పిన చోట పోసింది. అత్తగారు చేతిసంచీ తెరిచి లోపల వెతికారు. ప్రారంభోత్సవం నాటి చుక్కల కాగితం తీశారు. ఒక్కటీ వాడినట్టు లేదు. వాటిలోంచి ఒక ఎర్రచుక్క గోటితో ఊడదీసి, "ఇలా రా" అని, కూతురి తడి చెయ్యి పట్టుకుని మణికట్టు మీద అంటించారు. అంటుకోలేదు. కొంగుతో ఆ చెయ్యి తుడిచి మళ్ళీ గట్టిగా అదిమారు.

మా ఆడపడుచు దాని వంక చూసుకుంది.

"అమ్మా, ఇది నచ్చిన ఎరుపా, నచ్చని ఎరుపా?"

అత్తగారు సంచీ మూసేశారు.

"గుడి నువ్వే పెట్టుకో" అన్నారు.

"రైట్ రైట్" అంది పిన్ని. "ముందుకి జరుగు అక్కయ్యా, పిల్ల కూర్చుంటుంది."

అత్తగారు ఈసారి జరిగారు.